ఆపుకున్న నీళ్ళు

ఫోన్ మోగిందనుకుని జమ్ములమ్మ చెయ్యి నడుముకి పోయింది. కుచ్చిళ్ళ పక్కన, లోపావడా బొందుకి ఆనించి ఫోన్ చెక్కుకోవడం ఆమెకి అలవాటు. చేలో ఫోన్లు మోగితే ఆసామి కృష్ణయ్యకి గిట్టదు, అందుకని చప్పుడు లేకుండా అదిరేటట్టు పెట్టుకుంటుంది. అదిరిందంటే పూణేలో సెంట్రింగ్ పనికి పోయిన మొగుడు రాములు చేశాడన్నమాట. కాని ఇప్పుడు నడుము దగ్గర ఫోన్ లేదు. పొద్దున వనపర్తి బస్సు ఎక్కుతూనే దాన్ని తోడు వచ్చిన ఎస్తేరమ్మ సంచిలో వేసింది. ఆ సంచి ఎస్తేరమ్మ ఒళ్ళో ఉంది, ఎస్తేరమ్మ ఈ స్కానింగ్ సెంటర్ వరండాలో, ఈ ఇనప కుర్చీల వరసలో, తన పక్కనే ఉంది. అయితే అదిరింది ఫోన్ కాదు. అదే మళ్ళీ. పొత్తికడుపుకి దిగువన, చెయ్యి పెట్టి చూపించడానికి సిగ్గయ్యే చోట, లోపలినుంచి ఎవరో చిటికెన వేలితో కొట్టినట్టు. టక్ టక్. ఆగింది. హమ్మయ్య ఆగింది అనుకునేలోపల మళ్ళీ టక్. కన్నదిరితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆడదానికి ఎడమ కన్నయితే మంచిదని, కుడి కన్నయితే కీడని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. భుజం అదిరినా, అరచెయ్యి దురద పెట్టినా దేనికి దానికి ఒక మాట ఉంది. ఇక్కడ అదిరితే ఏమిటో మాత్రం ఏ ముసలమ్మా ఆమెకి చెప్పలేదు. వాళ్ళకెవరికీ అదరలేదో, అదిరినా నోరు మూసుకున్నారో తెలియదు.

“ఈ సీసా మొత్తం తాగుండ్రి. తాగినంక ఒంటికి పోవద్దు. మంచిగ నిండాలె, నిండితెనే లోపల సాఫ్ కనపడతది. ఇగ నాతోని కాదమ్మా అన్నప్పుడు వచ్చి చెప్పుండ్రి,” అని నర్సు అందరికీ కలిపి ఒకేసారి చెప్పేసి తలుపు వేసుకుంది. అప్పటినుంచి ఈ వరండా చూడాలి. తెలకపల్లి నుంచి మొగుడితో వచ్చిన కొత్త కోడలు కాళ్ళు మెలేసుకుని పెదవి కొరుక్కుంటోంది. ఒక టీచరమ్మ గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది, తిరుగుడులో చదువుకున్నవాళ్ళ దర్జా ఏమీ లేదు. ఒక పెద్దావిడ తలుపు కొట్టి, “నర్సమ్మా, నేను చచ్చేటట్టున్న,” అంటే, ఇంకాసేపు అన్న జవాబు వచ్చింది, ఆవిడ శాపనార్థాలు పెట్టుకుంటూ వచ్చి మళ్ళీ కూలబడింది. జమ్ములమ్మకి మాత్రం ఏమీ లేదు. ఒక సీసా తాగింది, చాలలేదేమోనని నల్లా దగ్గర పట్టుకుని ఇంకోటి తాగింది. పొట్ట బరువుగా ఉంది, గట్టిగా ఉంది, కాని పోవాలన్న తొందర లేదు. అందరికీ వచ్చేది తనకెందుకు రావడం లేదు? నీళ్ళు ఎటు పోతున్నాయి? లోపల చిల్లి పడిందా? చిల్లి పడితే నీళ్ళు గర్భసంచిలోకి పోతాయా? అడుగుదామంటే నర్సు తలుపు వేసి ఉంది. టక్. ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా మణికట్టుతో ఆ చోటు అదిమింది.

“నీకింక నిండలేదానే?” అని ఎస్తేరమ్మ అడిగింది. లేదని తలూపితే నవ్వింది. “అవు, నీకెక్కడ నిండుతది. నీది కడుపా ఏమన్ననా, జూరాల డ్యాం. అందరి గేట్లు ఎత్తినా నీయి ఎత్తరు.”

ఆ మాట చేలో పుట్టింది, ఊరంతా తిరిగింది. నిజం చెప్పాలంటే జమ్ములమ్మకి అది విన్నప్పుడల్లా కాస్త గర్వంగానే ఉండేది, మనిషికి ఏదో ఒకదాంట్లో పేరు ఉండాలి కదా. మల్దకల్ చుట్టుపక్కల వానాకాలమంతా సీడు పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆడ చెట్ల మొగ్గలు వెతికి, బొటనవేలి గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకి ఎర్ర కాయితం పెట్టాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి వాటి మీద రాయాలి. ఎండ ముదిరితే పువ్వు పని చెయ్యదు. ఒక్క మొగ్గ కంట పడకుండా తప్పించుకున్నా అది తన ఇష్టం వచ్చినట్టు కాయ కట్టి మొత్తం విత్తనానికి చెడ్డపేరు తెస్తుంది. అందుకని వరస పట్టిన మనిషి వరస వదలకూడదు, వదిలి ఎక్కడికి పోతుంది? గట్టున కృష్ణయ్య, పక్క చేలో మందు కొట్టే మగవాళ్ళు, చాటు అనేది వాగు ఒడ్డున తప్ప లేదు, వాగుదాకా పోయొస్తే పక్కవాళ్ళు సగం వరస ముందుంటారు. దానికి ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం సులువైంది. నీళ్ళు తాగరు. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు చాయ్, చేలో ఇంకో గ్లాసు చాయ్, నోట్లో వక్క ముక్క. కృష్ణయ్య చెడ్డవాడేం కాదు, రోజూ నీళ్ళ క్యాన్ తెచ్చి గట్టు మీద పెడతాడు. అది సాయంత్రందాకా నిండుగానే ఉంటుంది. ఆడవాళ్ళకి దప్పిక తక్కువని ఆయన గట్టి నమ్మకం, పదిమందికి చెబుతుంటాడు కూడా. మిగతావాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఓర్చుకోలేక వాగువైపు పరిగెత్తేవాళ్ళు. జమ్ములమ్మ పరిగెత్తేది కాదు. ఆమె వరస అందరికంటే ముందు తెగేది.

ఇదేం ఇవాళ నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు అమ్మతో కాలువ పనులకి లారీలో పోయేది. గంపలు, చాపలు, పొయ్యి రాళ్ళు, వాటి మధ్య మనుషులు. ఒకసారి తను ఏడ్చింది, అమ్మ ఒళ్ళోకి తీసుకుని, తొడలు రెండూ దగ్గరికి నొక్కి, “ఆపుకో బిడ్డా, మనకోసం లారీ ఆగదు,” అంది. అమ్మ గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట గుర్తుండిపోయింది. ఆ తర్వాత అత్తగారిల్లు. తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, మధ్యలో బయటికి పోయే కోడలికి పొగరని అర్థం. అత్త పోయింది, ఇంటెనక గది కట్టుకున్నారు, తలుపు కూడా ఉంది, కాని అలవాటు మాత్రం పోలేదు. కూతురు మానసని కన్నప్పుడు కూడా అంతే. గద్వాల దవాఖానలో నర్సమ్మ “ఇడువు తల్లీ, ఇడువు, బిగబట్టకు,” అని అరుస్తుంటే తనకి ఆ మాటే అర్థం కాలేదు. ఎట్లా విడవాలి? ఏది విడవాలి? పళ్ళు కరిచి ఇంకా బిగబట్టింది. చివరికి బిడ్డే తోసుకుని వచ్చింది, పాపం, తల్లి సాయం లేకుండా.

టక్ టక్ టక్. ఈసారి మూడు. ఇది మొదలైంది పోయిన పంటలో. మొదట చిన్నగా, కూర్చుని లేస్తుంటే ఎప్పుడన్నా ఒకసారి. తర్వాత పడుకున్నప్పుడు. ఆ తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు. మొదట ఆమెకి వచ్చిన భయం ఏమిటంటే, మానస పొట్టలో ఉన్నప్పుడు మొదటిసారి కదిలింది అచ్చం ఇట్లాగే. పిల్లలు వద్దని ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, అప్పటికి రాములు ఉగాది తర్వాత ఇంటికి రాలేదు. కడుపు వచ్చే దారే లేదు, అయినా భయానికి అదంతా ఎక్కడ అర్థమవుతుంది? బయటికి చెబితే ఊరు ఏమంటుందో తనే ఊహించుకుని, తనే జవాబులు చెప్పుకుని, నెలసరి వచ్చేదాకా సగం చచ్చింది. వచ్చాక ఏడ్చింది. అదురు మాత్రం పోలేదు. పక్కింటి పెద్దమ్మ వేడి చేసిందంది, సబ్జా గింజలు తాగమంది. ఇంకొకావిడ వాయువంది. నరం పట్టిందని నడుము తొక్కించారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు, అది ఇంకా నడుముకి ఉంది. వంగి వంగి పని చేస్తావు కదా, వంగినందుకేనని రాములు ఫోన్లో అన్నాడు, అని వెంటనే మేస్త్రీ పిలుస్తున్నాడని పెట్టేశాడు. ఇన్ని తిరిగి చివరికి ఊళ్ళో సూదులేసే మాసయ్య దగ్గరికి పోతే ఆయన చెయ్యి పట్టి చూడలేదు, కడుపు చూడలేదు, ఎక్కడ అదురుతుందని కూడా పూర్తిగా వినలేదు. “పిల్లల పని అయిపోయింది గద. గర్భసంచి అది. ఖరాబైనంక గిట్లనే ఎగురుతది. ఉంచుకుంటే క్యాన్సర్ అయితది. తీసేస్తే పరేషాన్ పోతది,” అన్నాడు. వనపర్తిలో తనకి తెలిసిన నర్సింగ్ హోం ఉందన్నాడు. సోమవారం చేర్పించేద్దాం, దానికి ముందు స్కానింగ్ కాయితం ఒకటి ఉండాలంటారు, ఊరికే పేరుకి, అన్నాడు. రాములు కూడా సరేనన్నాడు. అందరూ తీయించుకుంటున్నారు కదా, తీయించుకో అన్నాడు, మిషన్ కటింగ్ చేయించుకో అన్నంత తేలిగ్గా.

అందరూ అన్నది మాత్రం అబద్ధం కాదు. చేలో ఆమె వరసకి అటూ ఇటూ ఉన్నవాళ్ళలో సంచి ఉన్నది తనకొక్కదానికే. అది తీయించుకోవడం ఊళ్ళో ఎప్పుడు మామూలు సంగతి అయిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. ఆమె అక్క భీమమ్మకి ఇరవై ఆరేళ్ళకే తీసేశారు, తెల్లబట్ట అవుతోందని. అప్పుడు భీమమ్మ ఎట్లా ఉండేది! జొన్న మూట తనే ఎత్తుకుని తనే దించుకునేది, తిడితే వీధి చివరికి వినపడేది. ఇప్పుడు భీమమ్మ పీట మీద తప్ప కూర్చోలేదు. ఉండుండి ఒళ్ళంతా మంటలు వచ్చి చలికాలంలో కూడా కొంగుతో విసురుకుంటుంది. ఎముకలు గుల్లబారాయన్నారు. పోయిన నెల చూడబోతే తలుపు తీసింది అమ్మే అనుకుంది జమ్ములమ్మ, అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో మరిచిపోయి. “సంచి ఒక్కటే తీస్తమన్నరు చెల్లె,” అంది భీమమ్మ. “దాంతోని నా వయసు గూడ తీసుకపోయిన్రు.” జమ్ములమ్మకి ఇంకో బిడ్డ అక్కర్లేదు, ఆ సంచి మీద మోజేమీ లేదు. కాని తనకి ఆ పీట వద్దు. తన చేతులు, తన నడుము, అందరికంటే ముందు తెగే తన వరస తనకి కావాలి. అవి తప్ప తన పేరు మీద ఏముంది? అట్లాగని వద్దంటే, మాసయ్య అన్నది నిజమయితే? క్యాన్సర్ అన్న మాట ఆయన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో, అది తన లోపల అంత గట్టిగా కూర్చుంది. అదురు వచ్చినప్పుడల్లా లోపల ఏదో పెరుగుతున్నట్టు, తలుపు తీయమని కొడుతున్నట్టు. తీయించుకుంటే భీమమ్మ, తీయించుకోకపోతే చావు. ఈ రెండే దారులు. ఇంకాసేపట్లో ఆ తలుపు వెనక ఎవరో తన పొట్ట మీద చల్లటిదేదో రాసి ఈ రెంటిలో ఒకటి చెప్పేస్తారు. దేవుడా, నిండితే పిలుస్తారు, నిండకపోతే బాగుండు.

“భయమైతుందా?” అంది ఎస్తేరమ్మ. ఆమె కూడా తీయించుకున్నదే. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు ఆపరేషన్ సంగతి కూడా చెప్పింది, ప్రభువు నొప్పి తీసేశాడని. అందుకే మాసయ్య ఆమెని తోడు పంపాడు, ధైర్యం చెబుతుందని.

“అక్కా, నీకు దేనికి తీసిన్రు?”

 ఎస్తేరమ్మ ఒళ్ళోని సంచి జిప్పు తీసి వేసి, మళ్ళీ తీసి వేసింది. టీచరమ్మ అటు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

“ఎగురుతుండె.”

“ఏడ?”

“నీకు ఏడ ఎగురుతుందో ఆడ్నే.”

“మరి తీసినంక పోయిందా?”

“యాడ పోతది. ఇప్పుడు గూడ ఎగురుతుంది, ఇగో, నీతోని మాట్లాడుతుంటే.”

జమ్ములమ్మ పూర్తిగా ఆమె వైపు తిరిగింది. ఎన్నేళ్ళు పక్కపక్క వరసల్లో నడిచారు, ఎన్ని కబుర్లు చెప్పుకున్నారు. ఆపరేషన్ కుట్లు కూడా చూపించింది ఈమె, నవ్వుతూ. “చెప్పొద్దా మరి? మాసయ్యకన్న చెప్పొద్దా?”

“చెప్తే,” అంది ఎస్తేరమ్మ, “ఇంకేం తీస్తరోనని భయమైంది.”

నర్సు తలుపు తీసి పేరు పిలిచింది. నిండలేదమ్మా అనబోయింది జమ్ములమ్మ, నర్సు వినలేదు. లోపల చీకటిగా చల్లగా ఉంది. డాక్టరమ్మ చిన్నదే, కళ్ళద్దాలు. చీర కిందికి జరపమంది, తాయెత్తుని పక్కకి జరిపింది, బంకలాంటిది రాసి, చేతిలోని యంత్రాన్ని పొట్ట మీద ఆనించి కదపబోయి ఆగిపోయింది. తెర వంక చూసింది. జమ్ములమ్మ కూడా తల తిప్పి చూసింది. తెర మీద నల్లగా ఒక పెద్ద గుంత ఉంది. ఉంది, అదే, మాసయ్య చెప్పింది అదే, ఇంత పెద్దది! ఆమె కళ్ళు మూసుకుంది. మానసకి ఎవరు చెబుతారు? రాములుకి సెలవిస్తారా? సోమవారం దాకానైనా బతుకుతానా?

“ఎన్ని నీళ్ళు తాగినవమ్మా?” అంది డాక్టరమ్మ.

“రెండు సీసాలు. నిండలేదు మేడం. నాకు తొందరగ నిండదు.”

“నిండలేదా? ఈ నల్లగ కనపడేదంత మూత్రమే. ఇంకొకరైతే ఈపాటికి ఏడుస్తుండె. నీకు వస్తున్నట్టు అనిపిస్తలేదా?” అంటూనే ఆమె యంత్రాన్ని అటూ ఇటూ జరిపి, నొక్కి, చాలాసేపు చూసింది. “గర్భసంచి మంచిగుంది. గడ్డల్లేవు, వాపు లేదు. అండాశయాలు మంచిగున్నయ్. సంచి తీస్తరని చీటీల రాసిన్రు, ఎందుకు తీపిచ్చుకోవాలె? ఎవరు చెప్పిన్రు?”

జమ్ములమ్మ మాసయ్య పేరు చెప్పలేదు. మంచిగుంది అన్న మాట ఒక్కటే పట్టుకుని, అది జారిపోతుందేమోనని కదలకుండా పడుకుంది. ఉదయం నుంచి గుండె మీద ఉన్నది దిగింది, దిగిన చోట ఇంకో భయం వచ్చి కూర్చుంది. మరి అదిరేదేమిటి? ఈసారి అడిగేసింది. చెయ్యి పెట్టి చూపించింది కూడా.

డాక్టరమ్మ యంత్రం పక్కన పెట్టింది. “ఒంటికి ఎప్పుడెప్పుడు పోతవ్?”

ఇన్నాళ్ళలో ఈ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. “తెల్లారంగ పోత. మల్ల పొద్దుమీకినంక.”

“నడుమ?”

“నడుమ పత్తి ఉంటది మేడం.”

డాక్టరమ్మ నవ్వలేదు. పోయి రమ్మంది, వచ్చాక మళ్ళీ చూసింది. సగం అట్లాగే ఉంది. ఆమె తెర ఇటు తిప్పి చూపించింది, నల్ల గుంత చిన్నదయింది కాని పోలేదు. “ఇడవమంటే గూడ ఇడుస్తలేదు చూడు. కింద పట్టుకునే కండ ఒకటి ఉంటది. రోజంత బిగబట్టి బిగబట్టి దానికి వదులుడు మరుపొచ్చింది. బాగ అలసిన కండ గిట్ల ఎగురుతది, ఎక్కువ శాతం అదే అయి ఉంటది. మూత్రం పరీక్ష, షుగర్ పరీక్ష రాస్తున్న, అవి గూడ చూద్దాం. కోసుడు, తీసుడు ఏం లేదు. నీళ్ళు మంచిగ తాగు, చాయ్ తగ్గించు. మూడు గంటలకు ఒకసారన్న పో, వచ్చినా రాకున్నా. ఇప్పుడు మళ్ళొకసారి పోయి కూర్చో. ముక్కకు, ఒత్తకు. ఊరికే కూర్చో, అదే వస్తది. నిన్ను ఎవరూ తరుముతలేరు.”

జమ్ములమ్మ బాత్రూంలోకి పోయి, లోపల గొళ్ళెం పెట్టుకుని కూర్చుంది. రావడం లేదు. మూడు గంటలకొకసారి! ఆ మాట కృష్ణయ్య ముందు ఎట్లా అంటుంది? వరస మధ్యలో లేచి వాగుదాకా ఎట్లా పోతుంది? గట్టు మీద నాలుగు కర్రలు పాతి ఒక చీర కట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఇన్నేళ్ళలో ఒక్కరికీ తోచలేదు, తనకీ తోచలేదు. తోచకపోగా మురిసిపోయింది, డ్యాం అంటే మురిసిపోయింది! కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు, అమ్మ మీద కాదు, లారీ మీదా కాదు. తన మీద తనకే జాలి వేసింది, అది ఆమెకి కొత్త. బయట చెప్పుల చప్పుడయింది. వెంటనే ఒళ్ళంతా బిగుసుకుంది, ఎవరో వస్తున్నారు, లేవాలి, చీర సర్దుకోవాలి. చప్పుడు దాటిపోయింది. ఊరికే కూర్చో అంది కదా. ఊరికే కూర్చోవడం ఎట్లాగో ఆమెకి ఎవరూ చెప్పలేదు. గోడ మీది తడి మరకని చూస్తూ, ఊపిరిని మెల్లగా కిందికి వదిలి, వదిలి, ఇంకా వదిలితే, లోపల ఎక్కడో బిగించిన పిడికిట్లో ఒక్క వేలు తెరుచుకున్నట్టయింది. సన్నగా మొదలయింది. ఆగింది. మళ్ళీ మొదలయింది.

తలుపు మీద దబదబ కొట్టారు. “జమ్మూ, ఏందే, అయిందా లేదా? బస్సు పోతది. పొద్దున పని ఎగ్గొట్టినం, మద్యాన్నం మొగ్గలకన్న అందుకోవాలె. కృష్ణయ్య ఒకటే ఫోన్లు చేస్తుండు.”

ఆమె చెయ్యి గొళ్ళెం మీదికి పోయింది. దాన్ని పట్టుకుని, తీయకుండా, కాసేపు అట్లాగే ఉండి, చెయ్యి వెనక్కి తెచ్చుకుంది.

“కాలే అక్కా. నాకింక కాలే.”

“పోతదే బస్సు!”

“పోనీ. ఇంకోటి వస్తది.” అని, ఇంకోసారి మెల్లగా ఊపిరి వదిలింది. “నేనొచ్చినంక నువ్వు గూడ కూసోవాలె. తర్వాత నిన్ను గూడ డాక్టరమ్మ దగ్గరికి తోల్కపోత. ఆమె ఏం తియ్యదు, అడుగుతది, అంతే.”

బయట చెప్పుల చప్పుడు రెండడుగులు అవతలికి పోయింది. కోపం వచ్చి వెళ్ళిపోయిందేమో అనుకుంది జమ్ములమ్మ. ఇంతలో తలుపుకి బాగా దగ్గరగా, చెక్కకి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు, ఎస్తేరమ్మ గొంతు వినపడింది.

“సరే గాని, జల్ది రా మల్ల. తెల్లారినసంది ఆపుకున్న, నాతోని గూడ అయితలేదు.”